ఫ్లమెంకో గిటారు: పుట్టుకతో రావాలా, కూర్చుంటే వస్తుందా?

వేళ్లనొప్పి | ఆదివారం, రాత్రి 10:42

నమస్కారం. ఏడాదిగా ఈ వేదికలో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ మనసు బాగాలేక రాస్తున్నాను. కొంచెం పొడవవుతుంది, ఓర్చుకోండి.

నాకు 36 ఏళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. మూడున్నరేళ్లుగా స్పెయిన్ వాళ్ల ఫ్లమెంకో గిటారు నేర్చుకుంటున్నాను. రోజూ తెల్లవారుజామున గంటన్నర, ఆదివారమైతే మూడు గంటలు. మొదటి రెండేళ్లు వీడియోలే గురువులు. తర్వాత ఆన్‌లైన్‌లో ఒక గురువుగారు దొరికారు. నిన్న పాఠం మధ్యలో ఆయన నన్ను ఆపి, "నీ వేళ్లు బాగానే నడుస్తున్నాయి. కంపాస్ మాత్రం నీ ఒంట్లో లేదు. అది పుట్టుకతో రావాలి, నేను నేర్పేది కాదు" అన్నారు. కోప్పడి ఉంటే సర్దుకునేవాణ్ణి. జాలిగా అన్నారు.

కంపాస్ అంటే జామెట్రీ బాక్సులోది కాదు. మన తాళానికి దగ్గరి మాట. సొలెయా అనే బాణీలో ఆవర్తానికి పన్నెండు మాత్రలు. 3, 6, 8, 10, 12 మీద ఊనిక పడాలి. లెక్క నాకు తెలుసు. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ వాయిస్తే తప్పు రాదు. అనుకోవడం ఆపిన మరుక్షణం ఎక్కడున్నానో నాకే తెలియదు.

మూడున్నరేళ్లంటే సుమారు రెండు వేల గంటలు. అవన్నీ బూడిదలో పోసిన పన్నీరేనా? నిజంగా ఇది పుట్టుకతోనే రావలసిందైతే మొహమాటం లేకుండా చెప్పండి, గిటారు అమ్మేస్తాను. సైప్రస్ చెక్కతో చేసింది. కొన్నప్పుడు మా ఆవిడకు దాని ధరలో సగమే చెప్పాను.

పాలకొల్లువాడు | ఆదివారం, రాత్రి 11:15

మీ గురువుగారు నిజం చెప్పారు. చాలామంది గురువులు ఫీజు కోసం ఆ మాట మింగేస్తారు.

మా ఊరి ఉదాహరణే చెబుతాను. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను ఆరేళ్ల పిల్లవాడు తనంతట తానే తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి ఆ వాద్యం రాదు. ఆయన నోటితో పాడితే పిల్లవాడు తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఉత్సవాల్లో కచేరీ చేసేనాటికి వయసు తొమ్మిది. కర్ణాటక సంగీతంలో మాండొలిన్‌కు అంతవరకు ఒక బాణీ అంటూ లేదు. మరి వేలు ఎక్కడ పెట్టాలో ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది.

మీరు గిటారు అమ్మక్కర్లేదు, సరదాకు వాయించుకోండి. కానీ రెండు వేల గంటలు పోసినా లయ రానిది ఇరవై వేలు పోసినా రాదు.

నైలాన్‌తీగ | సోమవారం, ఉదయం 6:20

పాలకొల్లువాడు గారూ, తొమ్మిదేళ్ల పిల్లవాడి కచేరీ చెప్పారు గానీ, దానికి ముందు ఆ ఇంట్లో రోజుకు ఎన్ని గంటలు సాధన జరిగిందో వదిలేశారు. ఒకరు పాడడం, ఇంకొకరు దాన్ని తీగ మీద వెతుక్కోవడం... అంతకంటే కఠినమైన సాధన ఏముంటుంది?

ఫ్లమెంకోలో అందరూ వరపుత్రుడనే మనిషి పాకో దె లూసియా. అసలు పేరు ఫ్రాన్సిస్కో సాంచెస్ గోమెస్, 1947లో అల్హెసిరాస్ రేవు పట్టణంలో పుట్టాడు. ఆ వీధిలో పాకోలు చాలామంది ఉండడంతో తల్లి పేరు తగిలించి "లూసియా వాళ్ల పాకో" అనేవారు. మన ఊళ్లలో "సీతమ్మగారి రాముడు" అన్నట్టే. తండ్రి పగలు చిల్లర పనులు చేస్తూ, రాత్రిళ్లు గిటారు వాయించి ఇల్లు నడిపేవాడు. అయిదేళ్లు దాటేసరికి కొడుకు చేతిలో గిటారు పెట్టి, బయటికి పోనివ్వకుండా గంటల తరబడి కూర్చోబెట్టాడు. కొన్నాళ్లు రోజుకు పన్నెండు గంటలు కూడా. పదకొండేళ్లకు బడి మాన్పించాడు. ఆ తండ్రి ఇంట్లో పుట్టి ఉండకపోతే తాను ఏమీ అయ్యేవాణ్ణి కాదని పాకోయే చెప్పుకున్నాడు. మేధావి ఆకాశం నుంచి ఊడిపడడం మీద ఆయనకే నమ్మకం లేదు.

వేళ్లనొప్పి గారూ, నేను పద్దెనిమిదేళ్లుగా వాయిస్తున్నాను. సొలెయాలో లెక్కపెట్టడం మానడానికి నాకు అయిదేళ్లు పట్టింది. మీరు కంగారు పడుతున్నారు, అంతే.

అమ్మమ్మవీణ | సోమవారం, మధ్యాహ్నం 1:05

నైలాన్‌తీగ గారు చెప్పిన కథలో నాకు రెండు అభ్యంతరాలున్నాయి.

మొదటిది, పిల్లవాణ్ణి పన్నెండు గంటలు గదిలో కూర్చోబెట్టడాన్ని మనం ఇంత మురిపెంగా చెప్పుకోవడం. మా నాన్నగారు నన్ను వీణ ముందు అలాగే కూర్చోబెట్టారు. నేను పాకోను కాలేదు, ముప్పై ఏళ్లు వీణ ముట్టలేదు. అమ్మమ్మ పోయాక ఆవిడ వీణ మా ఇంటికి వచ్చింది, అప్పుడు మళ్లీ మొదలుపెట్టాను. అలా కూర్చోబెట్టిన వెయ్యి మందిలో ఒకరి పేరే మనకు తెలుస్తుంది. మిగతా తొమ్మిది వందల తొంభై తొమ్మిది మంది ఏ చర్చా వేదికలోనూ ఉదాహరణగా రారు.

రెండోది ఇంకా ముఖ్యం. అదే ఇంట్లో, అదే తండ్రి దగ్గర, పాకో కంటే ముందు నేర్చుకున్న అన్న రామోన్ ఉన్నాడు కదా. తమ్ముడికి పాఠం చెప్పినవాడే ఆయన. మంచి గిటారిస్టు, రామోన్ దె అల్హెసిరాస్ పేరుతో ఎన్నో రికార్డులున్నాయి. అయినా అన్న అన్నే, పాకో పాకోయే. సాధన ఒక్కటే లెక్కయితే ఇద్దరూ ఒక్కటే కావాలి.

పాలకొల్లువాడు | సోమవారం, మధ్యాహ్నం 1:31

అమ్మమ్మవీణ గారికి పాదాభివందనం. నేను చెప్పాలనుకున్నది మీరు నాలుగు ముక్కల్లో చెప్పారు.

నైలాన్‌తీగ | సోమవారం, రాత్రి 9:48

అంత తొందరగా పండుగ చేసుకోకండి. రామోన్ సెవిల్ నగరానికి చెందిన గిటారిస్టు నీన్యో రికార్దో బాణీని చెమటోడ్చి పట్టుకుని, దాన్ని తమ్ముడికి అరటిపండు ఒలిచినట్టు అందించాడు. అన్నకు అలా అందించిన అన్న లేడు. ఒకే ఇల్లు కావచ్చు, ఇద్దరి మొదలు ఒకటి కాదు.

అన్న నేర్పిన ఫాల్సెతాలను తమ్ముడు ఉన్నవి ఉన్నట్టు వాయించేవాడు కాదట, మార్చేసేవాడట. (ఫాల్సెతా అంటే పాట చరణాల మధ్య గిటారు ఒంటరిగా పలికే చిన్న రచన.) రికార్దోను మార్చడం అపచారమని అన్నకు మొదట్లో చిరాకు. పాలకొల్లువాడు గారు "అదిగో ప్రతిభ" అంటారు. సరే, ఆ మార్చే బుద్ధిని ప్రతిభ అనండి, ఒప్పుకుంటాను. కానీ వేళ్లనొప్పి గారికి గురువు లేదన్నది ఆ బుద్ధి కాదు, కంపాస్. రెండూ ఒకటి కావు.

త్రియానా_వంతెన | మంగళవారం, తెల్లవారుజాము 2:10

ఆలస్యంగా వచ్చాను, ఇక్కడ ఇంకా రాత్రే కాలేదు. మాది గుంటూరు. తొమ్మిదేళ్లుగా సెవిల్‌లో ఉంటున్నాను. గిటారు రాదు, చప్పట్లు మాత్రం కొంచెం వచ్చు.

కంపాస్ పుట్టుకతో వస్తుందనే మాట ఇక్కడివాళ్లూ అంటారు. కానీ ఇక్కడ పుట్టడం అంటే ఏమిటో చూడండి. మా పక్కింటి పాప రెండేళ్ల వయసులో అన్నం తినడానికి మారాం చేస్తే వాళ్ల అమ్మమ్మ బులెరియా (ఇదీ పన్నెండు మాత్రలదే, కానీ వేగం ఎక్కువ) పాడుతూ బల్ల మీద వేళ్ల కణుపులతో కొడుతుంది. పాప చెంచాతో తప్పు చోట కొడితే ఎవరూ ఏమీ అనరు. సరైన చోట కొడితే మాత్రం ఇల్లంతా "ఓలే!" అంటుంది. అంతే పాఠం. ఆ పాప ఏడేళ్లకు పాల్మాస్ (తాళపు చప్పట్లు) కొడుతూ మాత్రల మధ్య ఖాళీల్లో ఎదురు చప్పట్లు వేస్తుంటే, మనలాంటివాళ్లు చూసి "ఒంట్లో ఉంది" అంటాం. ఒంట్లోనే ఉంది, ఎవరో పోస్తే చేరింది.

హెరెస్‌లో శాంతియాగో, శాన్ మిగెల్ పేటల్లో ఇది ఇంకా చిక్కగా ఉంటుంది. అక్కడి మొరావో వంశంలో గిటారు తరాలుగా నడుస్తోంది. 2011లో పోయిన మొరయీతో వాయింపు వినండి. వేగం చూసి ఆశ్చర్యపోయే రకం కాదు, కుర్చీలో కూర్చున్నవాళ్లను కూర్చోనివ్వని రకం.

మీ రెండు వేల గంటల్లో ఎన్ని గంటలు మరో మనిషితో కలిసి వాయించారు? నాకు ఆ ఒక్క సంగతి చెప్పండి.

వేళ్లనొప్పి | మంగళవారం, ఉదయం 7:02

సున్నా. ఒక్క గంట కూడా లేదు. గదిలో నేను, మెట్రోనోము. అప్పుడప్పుడు పిల్లి, అదీ రస్గెయాదో (వేళ్లను ఒకదాని తర్వాత ఒకటి విదిలిస్తూ తీగలు మీటడం) మొదలుపెట్టగానే వెళ్లిపోతుంది.

లోహగిటారు | మంగళవారం, ఉదయం 10:37

ఇవన్నీ ఎందుకు? ఫ్లమెంకో హితానోల, అంటే స్పెయిన్ జిప్సీల, రక్తంలో ఉంది. వాళ్ల పూర్వీకులు మన దేశం నుంచే వెళ్లారు కాబట్టి మనకూ కొంత ఉండాలి, లేకపోతే లేదు. బయటివాళ్లు ఎంత కొట్టుకున్నా అనుకరణే.

త్రియానా_వంతెన | మంగళవారం, మధ్యాహ్నం 3:25

లోహగిటారు గారూ, పాకో దె లూసియా హితానో కాదు. మనోలో సాన్‌లూకర్ కాదు, విసెంతె అమీగో కాదు. సబీకాస్, తొమాతీతో, మొరయీతో హితానోలు. మీ రక్త సిద్ధాంతం ఈ ఆరుగురు గిటారిస్టుల దగ్గరే చిక్కుపడుతుంది.

పైగా సబీకాస్ పుట్టింది ఫ్లమెంకోకు పుట్టిల్లయిన దక్షిణాది అందలూసియాలోనే కాదు, ఉత్తరాన పంప్లోనాలో, 1912లో. దాదాపు స్వయంగా నేర్చుకున్నవాడు. అంతర్యుద్ధం మొదలైన 1936లో దేశం వదిలి, చివరికి న్యూయార్క్‌లో స్థిరపడ్డాడు. నృత్య బృందంతో అమెరికా వెళ్లిన కుర్ర పాకో అక్కడే ఆయన్ను కలిశాడు. "ఇంకొకరి బాణీ ఎంతకాలం వాయిస్తావు, నీది నువ్వు చేసుకో" అన్న అర్థంలో సబీకాస్ ఇచ్చిన సలహాతోనే పాకో రికార్దో నీడ నుంచి బయటికి వచ్చాడు.

హితానోలు లేకుండా ఫ్లమెంకో లేదు, అది వేరే మాట. శతాబ్దాల పాటు తరిమివేతలు, నిషేధాలు ఎదుర్కొంటూ దాన్ని నిలబెట్టారు. దాన్ని "రక్తం" అనేస్తే పొగిడినట్టు అనిపిస్తుంది గానీ, వాళ్లు పడ్డ శ్రమను తీసి అవతల పారేసినట్టే.

నిర్వాహకుడు | మంగళవారం, సాయంత్రం 5:00

రక్తం, జాతి ప్రస్తావన ఇక్కడితో ఆపండి. దాని మీద వచ్చిన మరో నాలుగు పోస్టులు తీసేశాను. చర్చ గిటారు మీదే నడవాలి.

లెక్కలమాస్టారు | మంగళవారం, రాత్రి 8:16

పదివేల గంటల మాట ఇంకా రాలేదేమిటా అని చూస్తున్నాను. రాకముందే చెప్పేస్తే మంచిది.

1993లో ఆండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు పరిశోధకులు బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థులను పరిశీలించారు. పద్దెనిమిదేళ్ల వయసుకు అత్యుత్తములు సగటున 7,410 గంటలు ఒంటరిగా సాధన చేసి ఉన్నారు. వారి తర్వాతి వరుసవారు 5,301 గంటలు, సంగీతం టీచర్లు కాబోయేవారు 3,420 గంటలు. ఇరవయ్యేళ్లకు అత్యుత్తముల సగటు పదివేలు దాటింది. అది సగటు మాత్రమే, వాళ్లలో సగం మంది ఆ అంకెను చేరనేలేదు. పైగా ఒక్కో వరుసలో పది మందే. దీన్ని పట్టుకుని "పదివేలు పూర్తిచేస్తే ఎవరైనా మహావిద్వాంసులే" అని లోకం చాటింపు వేసింది. ఎరిక్సన్ స్వయంగా అలా అనలేదని మొత్తుకున్నాడు.

2014లో మాక్‌నమారా, మరో ఇద్దరు అప్పటివరకు వచ్చిన 88 అధ్యయనాలను కలిపి చూశారు. సంగీతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో సుమారు 21 శాతాన్నే సాధన గంటలు వివరించగలిగాయి. అదే ఏడాది స్వీడన్‌లో పదివేల మందికి పైగా కవలలను పరీక్షించారు. ఒకే పోలిక కవలల్లో ఒకరు ఎక్కువ సాధన చేసినా, స్వరాన్ని, లయను గుర్తుపట్టే పరీక్షలో ఇద్దరికీ తేడా కనిపించలేదు. ఇంకో వింత కూడా ఉంది. ఎంత సాధన చేస్తామన్న దానిలోనే పుట్టుక వాటా గణనీయంగా తేలింది. అంటే కూర్చోగలగడం కూడా కొంత పుట్టుకే.

పాలకొల్లువాడు | మంగళవారం, రాత్రి 8:29

మాస్టారూ, మిగిలిన 79 శాతం ప్రతిభే కదా!

లెక్కలమాస్టారు | మంగళవారం, రాత్రి 8:41

కాదండీ. మిగిలిన 79లో ప్రతిభ ఉంటుంది, గురువు ఉంటాడు, మొదలుపెట్టిన వయసు ఉంటుంది, పక్కింటి అమ్మమ్మ బల్ల మీద కొట్టిన బులెరియా ఉంటుంది, కొలవడంలో పొరపాట్లూ ఉంటాయి. వివరించలేని మిగులుకంతా ఒకే పేరు పెట్టడాన్ని మా బడిలో ఒప్పుకోం. కవలల పరీక్ష కూడా విని గుర్తుపట్టే శక్తిని కొలిచింది, వాయించే చేతిని కాదు. వినగానే తేడా తెలియడం వేరు, పన్నెండో మాత్ర మీద వేలు దిగడం వేరు.

చాపుతాళం | బుధవారం, ఉదయం 5:50

మృదంగం నేర్పుతాను, విజయవాడ. ఫ్లమెంకో గురించి ఈ చర్చ చూశాకే నిన్న రాత్రి కూర్చుని విన్నాను. తెల్లారిపోయింది.

వేళ్లనొప్పి గారి సమస్య పుట్టుక కాదు, అంకెలు. మా దగ్గరికి వచ్చే పిల్లలకు మేము ఒకటి, రెండు, మూడు అని నేర్పం. సొల్లు, అంటే మృదంగం దెబ్బలను నోటితో పలికే అక్షరాలు, నేర్పుతాం. అంకె తలలో ఉంటుంది, సొల్లు నోట్లో ఉంటుంది. నోట్లో ఉన్నది చేతికి దిగినంత తేలికగా తలలో ఉన్నది దిగదు.

మీరు చెప్పిన ఊనికలు పన్నెండు నుంచి మొదలుపెట్టి చూస్తే 12, 3, 6, 8, 10. మధ్య దూరాలు మూడు, మూడు, రెండు, రెండు, రెండు. అంటే:

తకిట తకిట తక తక తక

ఇంతే. చిన్నపిల్లవాడు కూడా అనేస్తాడు. ఇంకో బాణీ విన్నాను, సిగిరియా అట, శ్రీలంక కొండ పేరులా ఉంది. అది మొదట బొత్తిగా అంతుపట్టలేదు. నాలుగోసారి విన్నాక నవ్వొచ్చింది. అదే చక్రం, ఇంకో చోట ఎక్కారు:

తక తక తకిట తకిట తక

వారం రోజులు గిటారు ముట్టకుండా ఇవి అంటూ నడవండి. కూరగాయలకు వెళ్తూ అనండి. మెట్రోనోము అక్కర్లేదు, కాళ్లున్నాయి.

వేళ్లనొప్పి | బుధవారం, ఉదయం 8:33

ఆఫీసు లిఫ్టులో అన్నాను. ఇద్దరు దిగిపోయారు. కానీ గురువుగారూ, మూడున్నరేళ్లలో మొదటిసారి లెక్కపెట్టకుండా ఇరవై ఆవర్తాలు నడిచింది!

త్రియానా_వంతెన | బుధవారం, మధ్యాహ్నం 2:48

చాపుతాళం గారి సొల్లు అద్భుతం, బులెరియాకు అతికినట్టు సరిపోతుంది. సొలెయాకు మాత్రం ఒక జాగ్రత్త. సొలెయాలో వాక్యం 1 నుంచి నడుస్తుంది, ఊనికలు గుంపుల చివర పడతాయి. 10 దగ్గరికి వచ్చేసరికి రాగం ఇల్లు చేరుతుంది. 11, 12 ఊపిరి పీల్చుకునే చోటు. నా గిటారిస్టు మిత్రులు కొత్తవాళ్లను పట్టేది అక్కడే, ఆ రెండు మాత్రల ఊపిరిని వాళ్లు మింగేస్తారు. ఒకసారి మీ వాయింపు రికార్డు చేసి ఇక్కడ పెట్టండి.

అమ్మమ్మవీణ | బుధవారం, సాయంత్రం 4:12

చర్చకు సంబంధం లేకపోయినా ఒక మాట. నేనూ నిన్న వింటూ వీణ తీశాను. వాళ్ల స్వరాలు మన హనుమతోడి మెట్ల మీదే నడుస్తున్నాయి, మధ్యమధ్యలో అంతరగాంధారం తగిలితే వకుళాభరణం. నడక, గమకం పూర్తిగా వేరనుకోండి. మెట్లు ఒకటే అయినంత మాత్రాన ఇల్లు ఒకటి కాదు. కానీ తోడికి అలవాటుపడిన చెవికి అది పరాయి సంగీతంలా వినిపించదు. వేళ్లనొప్పి గారు చిన్నప్పుడు ఏం విన్నారో?

వేళ్లనొప్పి | బుధవారం, రాత్రి 10:20

మా నాన్న రేడియోలో వార్తలు, మా అన్నయ్య క్యాసెట్లలో సినిమా పాటలు. తోడి అని తెలిసి ఎప్పుడూ వినలేదండీ.

రికార్డు పెట్టాను. సొలెయా, రెండున్నర నిమిషాలు. తిట్టేవాళ్లు తిట్టండి.

నైలాన్‌తీగ | గురువారం, ఉదయం 6:45

విన్నాను, మూడుసార్లు. చెప్పనా?

కుడిచేయి నేను అనుకున్నదానికంటే చాలా బాగుంది. రస్గెయాదోలో నాలుగు వేళ్లూ విడివిడిగా వినిపిస్తున్నాయి. వేళ్లను ముడవడం రోజంతా చేస్తాం, బయటికి విదిలించే పని చేయం. ఆ కండరాలు నిద్రలేవడానికే చాలామందికి ఏళ్లు పడుతుంది. అది మీకు వచ్చేసింది. రెండు వేల గంటలు ఎక్కడికీ పోలేదు.

పికాదో, అంటే రెండు వేళ్లతో మార్చి మార్చి ఒక్కో స్వరం మీటడం, అవసరానికి మించి వేగం. చూపుడు వేలు, నడిమి వేలు పరుగు పందెంలో ఉన్నాయి. నేనూ ఆ జబ్బు పడ్డాను. ఒక ఏడాది రోజుకు అయిదు గంటలు పికాదో మాత్రమే చేసి మణికట్టు వాపు తెచ్చుకున్నాను. నాలుగు నెలలు అన్నం కూడా ఎడమచేత్తో. అందుకే పన్నెండు గంటల కథలు చెప్పేటప్పుడు ఇప్పుడు కొంచెం జంకుతాను. అమ్మమ్మవీణ గారు సోమవారం అన్నది ఆ రోజే ఒప్పుకుని ఉండాల్సింది.

అసలు తప్పు త్రియానా గారు చెప్పిందే. 10 మీద ఇల్లు చేరుతున్నారు, బాగుంది. చేరగానే తలుపు మూయకుండా మళ్లీ వీధిలోకి పరుగెడుతున్నారు. 11, 12 కలిపి ఒక మాత్రంతే వస్తున్నాయి. ప్రతి ఆవర్తంలో ఒక మాత్ర తరుగు. పాడేవాళ్లు పక్కనుంటే మూడో ఆవర్తానికే తిరిగి చూస్తారు.

త్రియానా_వంతెన | గురువారం, మధ్యాహ్నం 1:30

అక్షరాలా అంతే. మా పక్కింటి పాపకు వినిపించాను. 11 దగ్గర ప్రతిసారీ మొహం చిట్లించింది. వాళ్ల అమ్మమ్మ మాత్రం, "ఎవరితోనూ వాయించలేదు కదా?" అని అడిగింది. నేను ఏమీ చెప్పకముందే.

ఇక్కడ గిటారు నేర్చుకునే పాత వరుస ఏమిటంటే, మొదట నాట్యం క్లాసులో నృత్యకారుల కాళ్లకు వాయించాలి. తర్వాత గాయకుడికి. ఒంటరిగా వేదికెక్కడం అన్నిటికంటే చివర. పాకో కూడా పదిహేనేళ్ల వయసుకే నృత్య బృందంతో ప్రపంచం తిరిగాడు, తర్వాత కమరోన్ అనే గాయకుడి పాటకు ఏళ్ల తరబడి వాయించాడు. తనకు నిజానికి గాయకుణ్ణి కావాలని ఉండేదని చెప్పుకునేవాడు. మీరు మెట్టు పైనుంచి కిందికి దిగుతున్నారు, ఇంటర్నెట్ నేర్పే వరుస అదే మరి.

పాలకొల్లువాడు | గురువారం, రాత్రి 9:10

నేనూ విన్నాను. నా మొదటి పోస్టులో లయ రాదన్నాను కదా, అది తొందరపాటు. వినకుండా తీర్పు చెప్పాను.

కానీ నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. వేళ్లనొప్పి గారు మంచి వాయిద్యకారుడు కావచ్చు. వినేవాళ్ల గుండె ఆగేలా వాయించడం వేరు. దాన్ని స్పెయిన్‌లో దుయెందె అంటారట. కవి లోర్కా 1933లో బ్యూనస్ ఎయిర్స్‌లో దాని మీదే ప్రసంగించాడు. అది సాధనతో వచ్చేది కాదు. మన మాటలో చెప్పాలంటే పూనకం.

చాపుతాళం | శుక్రవారం, ఉదయం 5:40

పూనకం వచ్చేవాళ్లకు కూడా డప్పు సరిగా పడాలండీ. మాత్ర తప్పితే అమ్మవారు రారు.

నైలాన్‌తీగ | శుక్రవారం, ఉదయం 6:30

చాపుతాళం గారి ఒక్క వాక్యాన్ని గోడ మీద రాసుకుంటాను.

దుయెందె మాట వచ్చింది కాబట్టి దియేగో దెల్ గస్తోర్ గురించి చెప్పాలి. మొరోన్ దె లా ఫ్రొంతెరా అనే ఊళ్లో ఉండేవాడు, 1973లో పోయాడు. వాణిజ్య రికార్డు ఒక్కటి కూడా చేయలేదు. వేగంలో పాకోకు ఆమడ దూరం. బొటనవేలితో నాలుగు స్వరాలు వాయించి ఆగేవాడు. 1960లలో అమెరికా కుర్రాళ్లు ఆయన వెంట పడి, ఆ ఊళ్లోనే నెలలకొద్దీ ఉండి టేపుల్లో పట్టుకున్నారు కాబట్టి ఇవాళ మనం వినగలుగుతున్నాం. ఆ టేపుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఆయన ఆగిన చోట్లు. వేళ్లనొప్పి గారు మింగేస్తున్న 11, 12 ఉన్నాయే, ఆ మనిషి అక్కడే కాపురం ఉండేవాడు.

లోహగిటారు | శుక్రవారం, మధ్యాహ్నం 12:15

మొన్న రాసింది తప్పే, ఒప్పుకుంటున్నాను. దియేగో టేపులు ఎక్కడ దొరుకుతాయి?

లెక్కలమాస్టారు | శుక్రవారం, సాయంత్రం 6:05

వేళ్లనొప్పి గారూ, ఉపాధ్యాయుడిగా ఒక మాట. "నీకు పుట్టుకతో లేదు" అని విద్యార్థితో అనడానికి గురువుకు ఉండాల్సిన ఆధారం చాలా పెద్దది. మీ గురువుగారు చూసింది ఏడాదిన్నర, అది కూడా తెర మీద. శబ్దం ఆలస్యంగా చేరే చోట ఇద్దరూ కలిసి వాయించడం కుదరనే కుదరదు, అంటే ఆయన మీతో ఎప్పుడూ కలిసి వాయించలేదు. చెప్పిన తీర్పు చెడ్డదో మంచిదో నాకు తెలియదు, పరీక్ష మాత్రం పెట్టలేదు.

వేళ్లనొప్పి | ఏడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:55

చర్చను మళ్లీ పైకి తెస్తున్నందుకు క్షమించండి.

ఆన్‌లైన్ పాఠాలు ఆపాను, గొడవేమీ పడలేదు. మా ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒకావిడ కథక్ నేర్పుతారు. వెళ్లి సిగ్గు విడిచి అడిగాను, మీ పిల్లల కాళ్లకు పక్కన కూర్చుని వాయించవచ్చా అని. ఆవిడకు నేను వాయించేదేమిటో అర్థం కాలేదు, సరే అన్నారు. పన్నెండు మాత్రలు వాళ్లకూ ఉన్నాయి, ఊనికలు వేరు. శనివారాలు వెళ్తున్నాను. మొదటి రోజు పదేళ్ల పిల్ల నన్ను చూసి, "అంకుల్, మీరు మా కంటే ముందు వెళ్లిపోతున్నారు" అంది. రెండు వేల గంటల్లో మెట్రోనోము ఆ మాట ఒక్కసారీ అనలేదు.

రోజూ పొద్దున మొదటి అరగంట గిటారు లేదు. చాపుతాళం గారి సొల్లు, పాల్మాస్. తర్వాత సొలెయా ఒక్కటే, నెమ్మదిగా. కొత్త రికార్డు పెట్టాను. 11, 12 వినండి.

పాలకొల్లువాడు గారి ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. నేను దియేగోను కాలేనని మాత్రం తెలుసు. గిటారు అమ్మడం లేదు, అసలు ధర మా ఆవిడకు చెప్పేశాను. దాని సంగతి వేరే చర్చలో రాస్తాను.

త్రియానా_వంతెన | సోమవారం, తెల్లవారుజాము 1:40

పాపకు వినిపించాను. 11 దగ్గర మొహం చిట్లించలేదు. ఏడో ఆవర్తంలో ఒకసారి చిట్లించింది, అది మీకే తెలిసి ఉంటుంది.

వేళ్లనొప్పి | సోమవారం, ఉదయం 6:58

తెలుసు. పిల్లి గదిలోకి వచ్చింది.

ఇంకో సందేహం. నిన్న రస్గెయాదోలో ఉంగరపు వేలి గోరు సగానికి చీలింది. శనివారం లోపల ఏం చేయాలి?

నైలాన్‌తీగ | సోమవారం, ఉదయం 7:10

కత్తిరించకండి. పలచని టిష్యూ కాగితం ముక్క, పైన సూపర్ గ్లూ, ఆరాక సన్న గరుకు కాగితంతో రుద్దండి. రెండు పొరలు వేయండి. శనివారం దాకా ఆగుతుంది, కుళాయి కింద గిన్నెలు మాత్రం తోమకండి.

అమ్మమ్మవీణ | సోమవారం, ఉదయం 7:32

గిన్నెల సంగతి మీ ఆవిడతో మీరే మాట్లాడుకోండి.